మూర్ఛ మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం చదివాను. ఉదయగిరి వైపు పల్లెల్లో ఆశా కార్యకర్తల వెంట తిరిగి రాసినందువల్ల మాటల్లో జీవం ఉంది. చిక్కంతా రెండో పేరాతోనే. ‘పంది మాంసం తింటే మెదడులో పురుగు చేరి ఫిట్స్ వస్తాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది చదివి మాంసం ముట్టని ఇల్లు ‘మనకేం కాదులే’ అనుకుంటుంది. ఊరి చివర పందులు మేపుకునేవాళ్లను మిగతా ఊరు తిట్టిపోస్తుంది.

సరిగా ఉడకని పంది మాంసంలో తిత్తులు, అంటే పిల్లపురుగులుండే చిన్న సంచులు, ఉంటే, తిన్నవాళ్ల పేగులో బద్దెపురుగు (టేప్‌వార్మ్) పెరుగుతుంది. మీటర్ల కొద్దీ పొడవు సాగినా వాళ్లకు పెద్దగా బాధ తెలియకపోవచ్చు. గుడ్లు మాత్రం మలంలో బయటపడుతూనే ఉంటాయి. కడగని చేతుల వల్లో, నీళ్ల వల్లో, పచ్చి కూరల వల్లో ఆ గుడ్లు ఎవరి కడుపులో పడ్డా, పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడుకు చేరి తిత్తులు కడతాయి. ఫిట్స్ వచ్చేది వీటివల్ల. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టనివాళ్లకైనా రావచ్చు. పందికి తిత్తులు వచ్చేది కూడా మనం ఆరుబయట వదిలిన మలం తినడం వల్లే. బద్దెపురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతం దాకా దీనివల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తినడం వల్ల వచ్చేదేదో, గుడ్ల వల్ల వచ్చేదేదో చదివేవాళ్లకు విడివిడిగా తెలిసేదాకా తిరగరాయి. చోటు చాలదంటావేమో, పెన్న మీద సూర్యోదయం వర్ణన కొట్టెయ్.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో, అంగన్‌వాడీలో వేసే ఆల్బెండజోల్ మాత్రే మూర్ఛను కూడా ఆపేస్తుందని రాశావు. అంత మాట అనకూడదు. అది 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు, ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటికోసం. బద్దెపురుగుకు ఊరంతటికీ మందు వేయాలంటే పెద్దవాళ్లనూ కలుపుకోవాలి, దానికి ముఖ్యంగా వాడేది ప్రాజిక్వాంటెల్ లేదా నిక్లోసమైడ్. మెదడులో తిత్తులున్నట్టు తెలియనివాళ్లు ప్రాజిక్వాంటెల్ వేసుకుంటే ఫిట్స్ రావచ్చు. నీ వ్యాసం పట్టుకుని ఎవరూ మెడికల్ షాపుకి పోకుండా ఈ సంగతి గట్టిగా రాయి. ఈ తిత్తులు రాకుండా పందులకు టీకా ఉందనీ, అది మన హైదరాబాద్‌లోనే తయారవుతోందనీ ఒక వాక్యం చేర్చు.

ఫిట్స్ వచ్చిన మనవడి చేతిలో తాళాలగుత్తి పెట్టిన అవ్వను ఎగతాళి చేశావు చూడు, అది నాకు నచ్చలేదు. ఆమె కంగారులో ఏదో ఒకటి చెయ్యాలనుకుంది. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యడం.

తిరగరాశాక ముందు ఆ ఊరి ఏఎన్ఎం గారికి చదివి వినిపించు. ఆమె ‘ఇది కాదమ్మా’ అన్నచోట వాదించకుండా మార్చు. నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. అప్పటికి అచ్చులో రావాలంటే అక్టోబరు ఆఖరుకే పత్రికకు పంపాలి.

ఆశీస్సులతో,
మామయ్య