స్కూల్లో పిల్లల చేత చందాలు వసూలు చేయించడం సబబేనా?

ప్రశ్న అడిగినావిడ రాసింది ఇదీ. ఏడో తరగతి చదివే వాళ్ళబ్బాయికి స్కూల్లో ఒక కార్డు ఇచ్చారట. గడులు గీసి ఉంటాయి. ఒక్కో గడిలో ఇచ్చినవాళ్ళ పేరు, ఎంతిచ్చారు, సంతకం. ఐదొందలు దాటితే సర్టిఫికెట్, వెయ్యి దాటితే మెడల్. "చదువుకునే పిల్లల్ని చందాల కోసం ఇంటింటికీ తిప్పడం సబబేనా?" అని ఆవిడ బాధ.

తిప్పడం సబబే. నన్నడిగితే తిప్పి తీరాలి. ఆ కార్డు, ఆ మెడలే తప్పు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పదివేల మందికి పైగా పోయారు. నేను పుట్టింది ఆ తర్వాతే, కానీ మా ఊళ్ళో పెళ్ళయినా, పొలం కొన్నా "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పుకుంటారు. మా కోసం ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగారు. ఎక్కడెక్కడి వాళ్ళో మూటలు పంపారు. అంత సాయం అందుకున్న ఊరికి ఒక సంగతి బాగా తెలుస్తుంది: ఏది అక్కరకొస్తుంది, ఏది రాదు.

మా హైస్కూల్లో కొన్ని క్లాసులు తుఫాను షెల్టర్‌లో జరిగేవి. ఉప్పెన తర్వాత కట్టినవి అవి, ఎత్తు స్తంభాల మీద ఉంటాయి. మామూలు రోజుల్లో బడి, తుఫాను వస్తే ఊరంతటికీ నీడ. కింద స్తంభాల మధ్య క్యారేజీలు విప్పుకునేవాళ్ళం, పైన లెక్కలు చెప్పేవారు. గంట అంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆదివారం దీపావళి. ప్రార్థనలో ప్రతిజ్ఞ అయ్యాక ఎవరో ఒకరు పేపరు చూసి వార్తలు చదవడం మా స్కూల్లో ఆనవాయితీ. ఆ శుక్రవారం చదివిన అమ్మాయి "వేటకెళ్ళిన మత్స్యకారులు" అన్నచోట ఆగిపోయింది. వాళ్ళ నాన్న కూడా సముద్రం మీదకి వెళ్ళేవాడే. మిగతా వార్త సోషల్ మాస్టారు చదివారు.

ప్రతిజ్ఞ అంటే గుర్తొచ్చింది. "భారతీయులందరూ నా సహోదరులు" అని రోజూ చెయ్యి చాపి చెప్పిస్తాం. అది రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మన నల్గొండ జిల్లా మనిషి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. ఈ సంగతి నాకు బళ్ళో ఒక్కరు కూడా చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. పేరు చెప్పకపోతే పోయారు, ఆ సహోదరులకి కష్టం వచ్చిన రోజు ఏం చెయ్యాలో అన్నా పిల్లలకి చూపించాలి కదా!

హెడ్మాస్టారు తలా ఐదు రూపాయలు తెమ్మన్నారు. సోషల్ మాస్టారు ఆయన పక్కకి వెళ్ళి, ముందు వరసలో ఉన్న మాకు వినపడేలాగే అన్నారు: "వద్దండీ. కూలికెళ్ళేవాళ్ళ పిల్లలున్నారు. తేలేనివాడు రేపు బడి ఎగ్గొడతాడు. అందరం కలిసి వీధులెంట వెళ్దాం, ఎవరు ఏమిస్తే అదే." అలా తొమ్మిది, పది తరగతుల వాళ్ళం గోనెసంచులు, ఒక డాల్డా డబ్బా పట్టుకుని బయల్దేరాం. డబ్బా ఎవరి చేతిలో ఉందో మాస్టారు పట్టించుకోలేదు గానీ, ఏ ఇంటి ముందు ఎలా అడగాలో మాత్రం నేర్పారు. పూరింటి ముందు కూడా ఆగాలి, దాటిపోతే వాళ్ళని తక్కువ చేసినట్టు. పిడికెడిచ్చినా రెండు చేతులా తీసుకోవాలి.

కాలవగట్టు దగ్గర ఒక మామ్మ ఉండేది. ఉప్పెనలో సొర్లగొందిలో అందరినీ పోగొట్టుకుని, మా ఊళ్ళో చెల్లెలి ఇంటికి చేరిన మనిషి. మేం గుమ్మం ముందు నిలబడి అడగబోతే, మా సంచీ మూతిలోంచి కనపడుతున్న బట్టలు బయటికి లాగింది. జరీ ఊడిన పట్టుచీర. గుండీల్లేని చొక్కాలు. ఎవరో పెద్దింటివాళ్ళు వేసిన ఉన్ని స్వెట్టరు.

"ఇది కట్టుకుని బురదలో తిరుగుతారంట్రా? మాకూ వచ్చినయ్ ఇట్టాంటివి. కోట్లు కూడా వచ్చినయ్. కోటేసుకుని ఏం చేస్తాం? లోపలికి లంగా లేదు, పసిదానికి గౌను లేదు."

మేమేం మాట్లాడలేదు. మాస్టారు ఆ అరుగు మీదే కూర్చుని, "అయితే ఏం తెమ్మంటావమ్మా?" అని అడిగారు, క్లాసులో నోట్సు రాసుకునే పిల్లాడిలాగా పుస్తకం తీసి.

"అగ్గిపెట్టెలు" అంది వెంటనే. "బియ్యం ఉండి పస్తున్నాం బాబూ. ఉన్న ఒక్క పెట్టె తడిసింది. కిరసనాయిల్ లేదు. వండటానికి గిన్నె లేదు." లోపలికెళ్ళి ఒక సత్తుగిన్నె తెచ్చి చూపించింది. అడుగు సొట్టపోయి, అంచు ఒకచోట చీలి ఉంది. "ఏ ఊరి మహాతల్లో పంపింది. ఈ రోజుక్కూడా పాలు దీంట్లోనే కాస్తా." తర్వాత కొంగుముడి విప్పి రూపాయి కాసులు రెండు డబ్బాలో వేసి, పట్టుచీర మడతపెట్టి "ఇది ఎవరిచ్చారో వాళ్ళింట్లో ఇచ్చెయ్యండి" అంది.

ఆ మధ్యాహ్నం నుంచి మా వసూలు మారిపోయింది. పాత బట్టలు వద్దు, ఉతికిన లుంగీలు, నేత చీరలు, తువ్వాళ్ళు చాలన్నాం. కొట్టుకెళ్ళి అగ్గిపెట్టెలు అడిగాం. దీపావళికి టపాకాయల కోసం ఇళ్ళలో కొన్నవి కూడా వచ్చేశాయి. శనివారం షెల్టర్ కింద కూర్చుని పొట్లాలు కట్టాం: అగ్గిపెట్టెలు, కొవ్వొత్తి, ఉప్పు, ఎండుమిరప, చింతపండు, సూది దారం. అగ్గిపెట్టెలు తడవకుండా విడిగా పాలిథిన్ కవర్లో పెట్టి, కవరు మూతిని రెండు రంపపు బ్లేళ్ళ మధ్య బిగించి కొవ్వొత్తి మంట మీదుగా లాగేవాళ్ళం. క్షణం ఎక్కువైతే కవరు కాలిపోతుంది, తక్కువైతే అతకదు. పదో తరగతిలో చదువులో అందరికన్నా వెనక ఉండే అబ్బాయికి ఆ పని బాగా పట్టుబడింది. మాస్టారు వాడినే అందరికీ నేర్పమన్నారు. రైసుమిల్లు లారీలో మాస్టారూ ఇంకొందరు పెద్దలూ తీసుకెళ్ళారు. కొబ్బరిచెట్లు రోడ్ల మీద అడ్డంగా పడి, లారీ వెళ్ళలేని చోట నెత్తిన పెట్టుకుని మోశారట. అన్నిట్లోకీ ముందు అయిపోయినవి అగ్గిపెట్టెలేనని తిరిగొచ్చాక ప్రార్థనలో చెప్పారు.

ఇప్పుడు మీ కార్డు సంగతి. మెడల్ పెట్టగానే అది దానం కాదు, పందెం. అపార్ట్‌మెంట్లో ఉండే పిల్లాడు ఒక్క సాయంత్రం లిఫ్టెక్కి దిగితే వెయ్యి వస్తుంది. ఆటో నడిపే నాన్న ఉన్న పిల్లాడికి ఆ వీధిలో ఎవరిస్తారు? వాడు వాళ్ళమ్మ దగ్గరే తీసుకుంటాడు. ఇప్పుడు కొన్ని స్కూళ్ళు ఇంకో అడుగు ముందుకేశాయి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టేస్తాయి. నాన్న ఫోన్లో నొక్కుతాడు, పిల్లాడి చేతికి ఏమీ తగలదు. తర్వాత పెద్ద చెక్కు అట్ట పట్టుకుని ఫొటో. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం స్టిక్కర్లు నాకు అభ్యంతరం లేదు. 1949 నుంచి నడుస్తున్న మంచి పని అది. అవి కూడా ఎందుకో చెప్పకుండా జేబుకి అంటించి డబ్బు తీసుకుంటేనే నాకు నచ్చదు.

సాయం అవసరమైనవాడు ఆ బెంచీల్లోనే ఉంటాడన్నది కూడా మర్చిపోకండి. పదో తరగతి పరీక్ష ఫీజు 125 రూపాయలు కట్టలేని పిల్లలు ప్రభుత్వ బళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. నాకు తెలిసిన టీచర్లు ఎవరికీ చెప్పకుండా జేబులోంచి కట్టేస్తారు. దానికి ఏ కార్డూ ఉండదు, పేరూ ఉండదు, అలాగే ఉండాలి.

మీరు చెయ్యాల్సింది చెప్తాను. ఆ డబ్బు ఎవరికి వెళ్తుందో, రసీదు ఇస్తారో లేదో క్లాస్ టీచర్ని కాగితం మీద అడగండి. మెడళ్ళు తీసేసి, పిల్లలందరినీ కలిపి ఒక వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళి, అక్కడివాళ్ళకి ఏం కావాలో వాళ్ళనే అడిగించమనండి. బీపీ మాత్రలే కావాలంటారో, దోమతెరలే కావాలంటారో. ఒప్పుకోకపోతే కార్డు ఖాళీగా తిరిగి పంపించెయ్యండి. దానికోసం మీ అబ్బాయిని క్లాసులో నిలబెట్టే హక్కు ఏ స్కూలుకీ లేదు, ఆ మాట కూడా ఆ కాగితం మీదే రాయండి.