ఉగాండాలో గొరిల్లాలను చూసే ట్రెక్ మామూలు సఫారీలాగే ఉంటుందా? ఎంత కష్టం?

లేదండీ, ఇక్కడ జీపు దిగి నడవాల్సిందే. ఉగాండా నైరుతి మూలనున్న బ్విండి అడవి సముద్రమట్టానికి సుమారు 1,160 నుంచి 2,600 మీటర్ల ఎత్తులో, నిటారు కొండల మీద ఉంటుంది. బాటలు తక్కువ, బురద ఎక్కువ.

తెల్లవారగానే ట్రాకర్లు ముందుగా బయల్దేరి, గొరిల్లాలు రాత్రి పడుకున్న ఆకుల గూళ్ల దగ్గర నుంచి జాడ పట్టుకుంటారు. ఆ కబురు వాకీటాకీలో గైడ్‌కు అందుతుంది, మీరు ఆ వైపు నడుస్తారు. గొరిల్లాలు ఎంత దూరం కదిలితే మీ నడక అంత. అందుకే గంటలోనూ ముగియవచ్చు, సాయంత్రం దాకా పట్టవచ్చు. స్థానిక పోర్టరును పెట్టుకోండి. బ్యాగు మోయడమే కాదు, జారే చోట చెయ్యిచ్చి లాగుతారు, వాళ్లకూ నాలుగు డబ్బులు.

ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు, అదీ ఒక్క గంట. 15 ఏళ్లు నిండాలి. జలుబు, దగ్గు ఉంటే వెనక్కి పంపేస్తారు. ఈ కఠినత్వం న్యాయమే. మన జబ్బులు వాటికి ఇట్టే అంటుకుంటాయి, ప్రపంచం మొత్తం మీద పర్వత గొరిల్లాలు వెయ్యికి కాస్త పైన మాత్రమే ఉన్నాయి.

పర్మిట్ విదేశీయులకు 800 డాలర్లు, పక్కనే రువాండాలో 1,500. డబ్బే లెక్కయితే ఉగాండాయే మేలని నా మాట. యెల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. వానలు తగ్గే జూన్-ఆగస్టు, డిసెంబర్-ఫిబ్రవరి నెలలు నడకకు కాస్త సుఖం. అయినా వానకోటు వదలకండి, అది వర్షారణ్యం మరి.