ర్యామ్ 8 జీబీ, లాగ్ 400 జీబీ: ఒక్కసారి చదివి వేర్వేరు యూజర్లను కచ్చితంగా లెక్కపెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: 400 జీబీ లాగ్ (యూజర్ల రాకపోకలు వరసకొకటిగా రాసుకునే ఫైలు), దాదాపు 200 కోట్ల వరసలు, మామూలు హార్డ్ డిస్క్, 8 జీబీ ల్యాప్‌టాప్. వేర్వేరు యూజర్లెంతమంది, రెస్పాన్స్ టైమ్ మీడియన్ (విలువలన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో పడేది) ఎంత, నిన్నా ఇవాళా రెండు రోజులూ వచ్చినవాళ్లెందరు? ఫైలు ఒక్కసారే చదవాలి, జవాబు కచ్చితంగా ఉండాలి. కోడ్ బాగా రాస్తే అవుతుందా, అసలే అవదా?

మొదటిది, యూజర్ ఐడీ ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. మొబైల్ నంబరైతే హాయిగా అవుతుంది. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి ఉండగలిగినవి మొత్తం 400 కోట్లు. నంబరుకో బిట్ చొప్పున 500 ఎంబీ. నంబరు కనబడగానే దాని బిట్ 1 చెయ్యండి, చివర్లో 1లు లెక్కపెట్టండి.

యాప్ తయారుచేసే 128 బిట్ల ఐడీలైతే కష్టం, అది మీ కోడ్ తప్పు కాదు. సగం ఫైలు చదివారనుకోండి. అప్పటిదాకా ఎవరెవరొచ్చారో ప్రోగ్రామ్‌కి తెలిసేది ర్యామ్‌లో ఉన్న బిట్ల వల్లే. రెండు వేర్వేరు గుంపులకి ర్యామ్ అచ్చం ఒకేలా ఉండిపోతే, మొదటి గుంపులో ఉండి రెండోదాంట్లో లేని ఐడీని నేను తర్వాతి వరసలో పంపిస్తాను. ఒకచోట లెక్క పెరగకూడదు, రెండోచోట పెరగాలి. మీ ప్రోగ్రామ్ మాత్రం రెండుచోట్లా ఒకటే చేస్తుంది. అంటే ప్రతి గుంపుకీ ర్యామ్ వేరుగా ఉండి తీరాలి. ఆ లెక్కన వంద కోట్ల వేర్వేరు ఐడీలొస్తే, ఎంత కుదించి దాచినా ఒక్కోదానికి 100 బిట్ల దరిదాపుల్లో పడుతుంది. మొత్తం 12 జీబీ దాటుతుంది. మీకున్నది ఎనిమిది.

ఈ విషయం తెలియక ముందు నేను చేసిన పని చెబుతాను. ఐడీలన్నీ ఒక హ్యాష్ టేబుల్‌లో (ఏదైనా చటుక్కున వెతుక్కోగల పట్టికలో) వేసి, ర్యామ్ చాలకపోతే డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకునే స్వాప్ ఉందిలే అని రాత్రి వదిలేసి పడుకున్నాను. పొద్దున మౌస్ కూడా కదల్లేదు. డిస్క్‌ని వరసగా చదివితే సెకనుకి 150 ఎంబీ వస్తుంది, 400 జీబీకి ముప్పావు గంట. అదే డిస్క్‌ని ఎక్కడెక్కడికో దూకిస్తే ఒక్కో దూకుడికి 10 మిల్లీసెకన్లు. 200 కోట్ల దూకుళ్లంటే 231 రోజులు!

ఉజ్జాయింపు చాలంటే 2007లో ఫ్లాజొలే బృందం ఇచ్చిన హైపర్‌లాగ్‌లాగ్ ఉంది. ఐడీని హ్యాష్ చేస్తే, అంటే ఒక సూత్రంతో కలగాపులగం సంఖ్యగా మారిస్తే, వచ్చే బిట్లు బొమ్మా బొరుసూ లాంటివి. పది సున్నాలతో మొదలయ్యే హ్యాష్ 1024లో ఒకటే ఉంటుంది, అలాంటిది కనబడిందంటే వెయ్యి ఐడీల దాకా వచ్చి ఉంటాయని అంచనా. అదే ఐడీ వందసార్లు వచ్చినా హ్యాష్ మారదు కాబట్టి లెక్క చెడదు. ఇలాంటి అంచనాలు 16,384 పెట్టుకుని సగటు తీస్తారు. రెడిస్ అనే డేటాబేస్‌లో ఇది 12 కేబీ తింటుంది, ప్రామాణిక దోషం (జవాబు మామూలుగా అటూ ఇటూ అయ్యేంత) 0.81 శాతం. కాస్త తప్పొస్తే పరవాలేదనుకోవడం ఒక్కటే చాలదు, ఇలా యాదృచ్ఛికత మీద ఆధారపడటం ఒక్కటే కూడా చాలదు. రెండూ ఒప్పుకుంటే తప్ప ఇంత తక్కువ మెమరీలో అవదని 1996లోనే ఆలన్, మాటియాస్, సెగెడీ నిరూపించారు.

మీడియన్‌కి ఇంత బాధ లేదు, ఫైలు రెండుసార్లు చదవనివ్వండి చాలు. రెస్పాన్స్ టైమ్ 32 బిట్ల సంఖ్య అయితే, మొదటిసారి పై 16 బిట్లను బట్టి 65,536 గళ్లలో లెక్కలు వేసుకోండి. మీడియన్ ఏ గడిలో పడిందో తెలుస్తుంది. రెండోసారి ఆ గడిలోవాటికి మాత్రమే కింది 16 బిట్లు చూడండి. కచ్చితమైన జవాబు, ఒక ఎంబీ చాలు. ఒక్కసారే చదవాలని పట్టుబడితే మాత్రం మెమరీ డేటాతో పాటు పెరుగుతుందని 1980 నాటి మన్రో, ప్యాటర్సన్ల పేపర్లో ఉంది.

రెండు రోజులూ వచ్చినవాళ్ల దగ్గరే నా పరువు పోయింది. రోజుకో హైపర్‌లాగ్‌లాగ్ పెట్టుకున్నాను. రెండిటినీ కలిపితే మొత్తం యూజర్లు బాగానే వస్తారు. ఉమ్మడివాళ్ల కోసం రెండు లెక్కలూ కూడి, అందులోంచి మొత్తం తీసేశాను. మీటింగులో తెర మీద 'రెండు రోజులూ వచ్చినవారు: -1,12,000' అని పడింది. మేనేజర్ గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అయిదు కోట్లలో 0.81 శాతమంటేనే నాలుగు లక్షలు, నిజమైన ఉమ్మడి అరవై వేలు. ఆ కాస్త తప్పులో అది కొట్టుకుపోయింది. మంచి హ్యాష్ వాడినా బాగుపడే రకం కాదిది. రెండు జాబితాల్లో ఉమ్మడి పేరు ఒక్కటైనా ఉందా అని తేల్చడానికి కూడా, యాదృచ్ఛికత వాడినా సరే, జాబితా అంత మెమరీ కావాలని 1992లో నిరూపణలొచ్చాయి.

చివరికి నన్ను ఆదుకున్నది పాతకాలపు సార్టింగే. ఐడీ కాలమ్ ఒక్కటే విడదీస్తే, 16 బైట్ల చొప్పున, మీ 400 జీబీ కాస్తా 32 జీబీ అవుతుంది. 6 జీబీ ముక్కలుగా సార్ట్ చేసి డిస్క్ మీద రాస్తే ఆరు ముక్కలు. ఆ ఆరిటినీ పక్కపక్కన తెరిచి కలుపుతూ పోతే డూప్లికేట్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వేర్వేరు యూజర్లూ తేలతారు, ఒక్కో ముక్కలో ఒక్క రోజు ఐడీలే పెట్టుకుంటే ఉమ్మడివాళ్లూ తేలతారు, డిస్క్‌ని వరసగానే చదువుతారు. సొంతంగా రాసే ఓపిక లేకపోతే లినక్స్ సార్ట్ కమాండ్ ఈ పనే చేస్తుంది. కాకపోతే అది తాత్కాలిక ఫైళ్లను టెంప్ ఫోల్డర్‌లో పడేస్తుంది, నాకు మూడు గంటలు నడిచాక ఆ పార్టిషన్ నిండి ఆగిపోయింది. మైనస్ పెద్ద టీ (-T) ఆప్షన్‌తో ఖాళీ ఉన్న డిస్క్ చూపించి మొదలుపెట్టండి.