అమ్మకి ఆరు వేల ట్యాబ్ కొనబోతున్న లలితకి

భీమవరం,
ఆదివారం

చి.ల.సౌ. లలితకి పెదనాన్న ఆశీస్సులు.

"ఆరు వేలకే ట్యాబ్ వస్తోంది పెదనాన్నా, అమ్మకి కొనెయ్యనా?" అని వాట్సాప్‌లో అడిగావు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేలే సంగతి కాదమ్మా అది. ఈ చవక ట్యాబ్‌లతో పన్నెండేళ్ళుగా కాపరం చేస్తున్నవాణ్ణి. ఇప్పటికి మూడు మారాయి. ఒకటి మూలపడింది, ఒకటి ఉబ్బింది, ఒకటి పూజగదిలో పంచాంగం చూపిస్తోంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. రాత్రి పాప పడుకున్నాక చదువుకో.

నాకీ పిచ్చి, విద్యార్థుల కోసమని ప్రభుత్వం తెచ్చిన చవక ట్యాబ్ ఆకాశ్ రోజుల్లో పట్టింది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ దాన్ని విడుదల చేస్తే టీవీ ముందు నుంచి లేవలేదు నేను. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే చోటు), ప్రభుత్వం కొన్న ధర ఒక్కోటి 2,276 రూపాయలు. బిగించింది మన హైదరాబాద్‌లోనే. తర్వాత ఓ కాలేజీ కుర్రాడి దగ్గర చేతిలోకి తీసుకుని చూశాను. వేలు తాకిస్తే చాలదు, కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కాలి. పై పొర వంగి కింది పొరకి తగిలితేనే దానికి తెలిసేది. ఇప్పుడొచ్చే వాటికి ఆ బాధ లేదు, ఆరు వేల సరుకైనా ఫోన్‌లాగే తాకితే పలుకుతుంది. కాబట్టి చవకది అనగానే చెత్త అని నేననను. ఆ ధరకి రావడానికి ఎక్కడెక్కడ కోత పెట్టారో తెలుసుకుని కొనమంటాను, అంతే.

ముందు అమ్మ దాంతో ఏం చేస్తుందో తేల్చుకో. నువ్వు రాసినవి లెక్కపెట్టాను. ప్రవచనాలు, సీరియళ్ళు, పాపతో వీడియో కాల్, కరెంటు బిల్లు, బ్యాంకు, పేపరు, ఫొటోలు. ఏడు పనులు! ఇందులో ప్రవచనాలు, పాపా ఉంచు. సీరియల్ కావాలంటే టీవీ ఉంది. బ్యాంకు మాత్రం దాని దరిదాపుల్లోకి రానివ్వకు. ఎలాగూ ఓటీపీ ఫోన్‌కే వస్తుంది, పైగా ఇలాంటి వాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడమే అరుదు.

మరీ చాదస్తం అనుకోకు. నా రెండో ట్యాబ్ నెత్తిన నేనూ ఇలాగే అన్నీ ఎత్తాను. 2019లో 5,200 పెట్టి కొన్నది. రెండు జీబీ ర్యామ్, పదహారు జీబీ స్టోరేజ్. ఆ పదహారులో సగం దాకా సిస్టమే కూర్చుంది. మిగిలిన చోటు మా వాకింగ్ గ్రూపు శుభోదయాలకి సరిపోయింది. రోజుకి ముప్ఫై తామరపువ్వులు, ఇరవై వెంకటేశ్వరస్వాములు, వాటంతటవే దిగిపోయేవి. ఇంతలో డల్లాస్‌లో మనవడి అన్నప్రాసన. మీ పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని ట్యాబ్ ముందు కూర్చుంది. అక్కడ పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వులు పరిచారు. వాడు పాక్కుంటూ వెళ్ళాడు, చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే స్టోరేజ్ నిండిపోయిందంటూ ఓ పెట్టె వచ్చి పిల్లాడి మొహానికి అడ్డంగా నిలబడింది. దాన్ని తోసేసేలోపు కాల్ బిగుసుకుపోయింది. వాడు పట్టుకున్నది పెన్నో బంగారమో మళ్ళీ ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రమంతా మీ పెద్దమ్మ నాతో మాట్లాడలేదు.

కొనేటప్పుడు ఆన్‌లైన్ బొమ్మలు చూసి నిర్ణయించకు. వీలైతే షాపుకెళ్ళి అదే మోడల్ చేత్తో పట్టుకుని చూడు. నా పరీక్ష ఒకటుంది. తెలుగు పేపరు ఏదైనా అందులో తెరవమను. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", "జ్యోత్స్న" లాంటి మాటలు వెతుకు. ఇంగ్లీషు అక్షరాలు ఏ తెర మీదైనా బాగానే కనిపిస్తాయి. మన ఒత్తుల దగ్గరే బండారం బయటపడుతుంది. ఏడంగుళాల చవక తెరల్లో చాలావాటికి చుక్కలు 1024 అడ్డం, 600 నిలువు. మామూలు సైజు అక్షరంలో ఆ చుక్కలు ఒత్తులకి చాలవు. ట కింద రేఫ ఉందో, మరక ఉందో తెలీదు. మీ అమ్మకి ఒక కంటికే శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా మిగిలే ఉందాయె. తర్వాత ట్యాబ్‌ని ఒళ్ళో పెట్టుకుని కింది నుంచి, పక్క నుంచి చూడు. కొన్ని తెరలు ఎదురుగా బాగుంటాయి, కొంచెం వంచితే మనుషుల మొహాలు ఫొటో నెగెటివ్‌లా నల్లబడతాయి. ఐపీఎస్ ప్యానెల్ అనే రకం తెర అయితే ఆ గొడవ ఉండదు. అమ్మ మంచం మీద వాలి చూసే మనిషి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

పెట్టె మీది అంకెలు చూసి మురిసిపోకు. "8 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద చీమతలకాయంత అక్షరాల్లో 4+4 అని ఉంటుంది. ఆ రెండో నాలుగు అసలు ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి అప్పు తెచ్చి చూపిస్తున్నది. అసలుది మూడు జీబీకి తగ్గితే వద్దు. తగ్గితే ఏమవుతుందో చెప్తా విను. తెలుగు కీబోర్డులో నువ్వు "ఎలా ఉన్నావమ్మా" అని కొడతావు, తెర మీద ఏమీ రాదు. మళ్ళీ కొడతావు. గుక్క తిప్పుకుని రెండూ ఒకేసారి వచ్చి పడతాయి.

ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా అడుగు. షాపుల్లో పాత సరుకుని కొత్త పెట్టెలో అమ్ముతారు. నా మొదటి ట్యాబ్ కళ్ళ ముందే ముసలిదైపోయింది. తెర వెలుగుతుంది, చార్జింగ్ ఎక్కుతుంది, ఏ యాప్ తెరిచినా అప్‌డేట్ చెయ్యమంటుంది. చెయ్యబోతే ఈ పరికరానికి కుదరదంటుంది. 2025 జనవరి 1 నుంచి వాట్సాప్ కూడా ఆండ్రాయిడ్ 5 కంటే పాతవాటిని వదిలేసింది. దాన్ని అటక మీద పెట్టేశాను.

ఇక వైఫై. మీ అమ్మ ఇంట్లో రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంది, ఒకదాని చివర "5జీ" అని ఉంటుంది. చవక ట్యాబ్‌లలో చాలావాటికి ఆ పేరు కనిపించనే కనిపించదు, ఎందుకంటే అవి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. (సిమ్ 5జీ వేరు, ఇది వేరు. ఇక్కడ 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్ తరంగం.) నాకు ఆ సంగతి తెలియక కేబుల్ కుర్రాణ్ణి రెండుసార్లు పరిగెత్తించాను. రెండోసారి వాడు తన ఫోన్‌లో నెట్ చూపించి, "బానే వస్తోంది కదండీ" అని టీ తాగి వెళ్ళాడు. నిజానికి 2.4 వేగం తక్కువే కానీ గోడలు దాటి దూరం పోతుంది. పెరటి వరండాలో కూర్చునే మనిషికి అదే మేలు. సిమ్ లేని ట్యాబ్ అయినా ఫర్వాలేదు, అమ్మ ఫోన్‌లోని వాట్సాప్‌ని కోడ్ స్కాన్ చేసి దీనికి లింక్ చెయ్యొచ్చు. కాకపోతే ఆ ఫోన్‌లో పద్నాలుగు రోజులకి మించి వాట్సాప్ వాడకపోతే లింక్ తెగిపోతుంది. మీ అమ్మ ఫోన్‌ని బీరువాలో దాచే రకం, చెప్పి ఉంచు.

అన్నిటికంటే ఎక్కువ విసిగించేది చార్జింగ్. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీల మధ్య ముప్ఫై ఏళ్ళు బతికినవాణ్ణి, ఈ లెక్క నన్ను అడుగు. బ్యాటరీ 4,000 ఎంఏహెచ్, అంటే ఒక ఆంపియర్ చొప్పున నాలుగు గంటలకి నిండేంత, పెట్టెలో ఇచ్చే చార్జర్ ఒక ఆంపియర్. కాగితం మీద నాలుగు గంటలు, వేడికి పోయేది పోగా ఐదు. అమ్మ ఒక పక్క ప్రవచనం చూస్తూ చార్జింగ్ పెడితే ఎక్కింది ఎక్కినట్టే ఖర్చవుతుంది, ట్యాబ్ మాత్రం అట్లకాడలా కాలుతుంది. ఆ వేడే బ్యాటరీని తినేస్తుంది. నా రెండోదాన్ని రాత్రిళ్ళు దిండు పక్కన చార్జింగ్‌లో వదిలేసేవాణ్ణి. ఓ రోజు బల్ల మీద పెడితే సమంగా నిలబడక ఊగింది. వెనక్కి తిప్పి చూస్తే మూత మధ్యలో పూరీలా పొంగి ఉంది. అలా ఎప్పుడైనా కనిపిస్తే మరి చార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, పొడవకూడదు. ఇ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. అమ్మకి మాత్రం పొద్దున్న టిఫిన్ చేసేటప్పుడు పెట్టి, భోజనాల వేళకి తియ్యమని చెప్పు. టైప్-సి పిన్ ఉన్నదే కొను. పాత మైక్రో పిన్ అయితే అమ్మ తిరగేసి గుచ్చుతుంది, ఆర్నెల్లకి జాక్ లూజవుతుంది.

కింద పడితే పోయిందనే అనుకో. మా వీధి చివర రిపేరు కుర్రాడు నా ట్యాబ్ ఇటూ అటూ తిప్పి, "టచ్ ఒక్కటే రాదు అంకుల్, కాంబో మార్చాలి. ఈ మోడల్ కాంబో దొరకదు" అన్నాడు. కాంబో అంటే తెర, టచ్ కలిపి ఒకే ముక్క. తెలిసిన కంపెనీది అయితే స్పేర్లు దొరుకుతాయి. పేరు నోరు తిరగని బ్రాండ్‌కి స్క్రీన్‌గార్డు కూడా దొరకదు. అందుకే నా మాటగా చెప్తున్నా, ఆరు వేల దగ్గర ఆగకు. ఇంకో మూడు, నాలుగు వేలు వేసి సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉన్న కంపెనీది, ఎనిమిది అంగుళాలకి తగ్గనిది తీసుకో. ఆ డబ్బు నేనిస్తాను, మీ నాన్నకి చెప్పకు. సెకండ్ హ్యాండ్ జోలికి పోకు. పాత ఓనరు తన గూగుల్ అకౌంట్ తీసెయ్యకుండా రీసెట్ చేసి అమ్మితే, ఆ అకౌంటే అడిగి తలుపు మూసుకోవచ్చు.

బిల్లు లేకుండా కొనొద్దు. నేను కొన్నచోట, "బిల్లు వేస్తే 18 శాతం ఎక్కువవుతుంది సార్, మీకెందుకు" అన్నారు. నేనూ సరే అన్నాను, బుద్ధి లేక. మూడు నెలలకి సౌండ్ పోతే, ఇది మా దగ్గర కొన్నదేనా అని అడిగారు. బిల్లు ఉండుంటే కనీసం 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టేవాణ్ణి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. ట్యాబ్ మీద, చార్జర్ మీద బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్-తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో కూడా చూడు.

పార్సిల్ వస్తే విప్పొద్దను. వచ్చే ఆదివారం నేను తణుకు వెళ్ళి వీడియో తీస్తూ విప్పుతాను. అక్షరాలు పెద్దవి చేసి, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ ఆపేసి, తెర మీద రెండే గుర్తులు ఉంచి మిగతావి దాచేస్తాను. స్పీకరు వెనక ఉంటుంది కాబట్టి పరుపు మీద పెడితే మాట మింగేస్తుంది. చెక్క పీట మీద నిలబెడితే ఖంగుమంటుంది. పీట నేనే తెస్తాను. వారానికోసారి, శుక్రవారం తలంటు పోసుకునే ముందు, ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని అమ్మకి నేర్పుతాను. హ్యాంగ్ అవడం చాలావరకు దాంతోనే తగ్గుతుంది.

తెర మీద పెట్టడానికి పాప ఫొటో పంపు. ఒక్కటే.

ఇట్లు,
మీ పెదనాన్న