సెర్చ్ ఫలితాల్లో అన్నిటికన్నా పైన ఉండే ప్రకటన ఎక్కువ ధర పాడినవారిదేనా?

కాదు, గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజిన్లలో పై స్థానం ఎక్కువ ధర పాడినవారికే దక్కాలన్న నియమం లేదు. 1998లో గోటూ.కామ్ అనే సెర్చ్ ఇంజిన్ ఈ వేలాన్ని కేవలం ధర మీదే నడిపింది. 2002లో గూగుల్ ఆ ధరకు, ప్రకటనను జనం ఎంత తరచుగా క్లిక్ చేస్తున్నారన్న లెక్కను కూడా జోడించింది. కారణం చాలావరకు వ్యాపారపరమైనదే: క్లిక్ పడితేనే సొమ్ము వస్తుంది కాబట్టి, ఎవరూ ముట్టని ఖరీదైన ప్రకటన వల్ల సెర్చ్ ఇంజిన్‌కు ఒరిగేదేమీ లేదు. ఉదాహరణకు, క్లిక్‌కు 10 చొప్పున పాడిన ప్రకటనను వందసార్లు చూపినా 2 క్లిక్‌లే పడితే రాబడి 20కి మించదు. 6 చొప్పున పాడినదానికి 5 క్లిక్‌లు పడితే 30 వరకూ రావచ్చు. ప్రకటనలకు ఖర్చు పెడితే మామూలు ఫలితాల్లోనూ సైటు పైకి వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ వరుసను నిర్ణయించే పద్ధతి వేరు, అందులో ఈ వేలానికి పాత్ర లేదు.