ఎరల డబ్బా కంటే ముందు గ్రీజు డబ్బా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పాత బాస్ బోటు, అంటే బాస్ అనే మంచినీటి చేపను పట్టే పడవ, కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది, ఫోటోలు కూడా పంపింది. 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, 150 హార్స్‌పవర్ మోటారు, ముందు భాగాన కాలితో తిప్పుకొనే చిన్న కరెంటు మోటారు. డాలస్ చుట్టుపక్కల జలాశయాలకు బాగా సరిపోతుంది. ఎరల కోసం దుకాణం సగం ఖాళీ చేశావని కూడా తెలిసింది. అది మాత్రం నాకు నచ్చలేదు. బాస్ పట్టడానికి మూడు నాలుగు రకాల ఎరలు చాలు. ఇంటి ముందు నిలబెట్టిన పడవను పట్టించుకోని వాడికి ఎన్ని ఎరలున్నా మిగిలేది మెకానిక్ బిల్లే. అందుకని ముందు పడవ సంగతి రాస్తాను.

పడవను కారు వెనక లాక్కెళ్లే ట్రెయిలర్‌తో మొదలుపెట్టు. వేసవిలో లేక్ ఫోర్క్ జలాశయానికి వెళ్లే దారిలో రోడ్డు పక్కన ఆగిపోయిన పడవలు కనిపిస్తాయి. సాధారణంగా వాటి మోటార్లు బాగానే ఉంటాయి, కాలిపోయింది చక్రం బేరింగు. హైవే మీద పరుగెత్తి వచ్చిన హబ్, అంటే బేరింగు ఉండే చక్రం నడిమి భాగం, వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే చల్లటి నీళ్లలోకి దించితే లోపలి గాలి కుంచించుకుని, నీళ్లను ఆపే రబ్బరు సీలు అరిగి ఉంటే ఆ సందులోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. గ్రీజు చెడి తుప్పు మొదలవుతుంది. రేవు చేరగానే దిగి ఒక్కో హబ్ మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా కాలుతుంటే ఆ బేరింగు నీతో మాట్లాడుతున్నట్టే. ఏడాదికి ఒకసారి అన్నీ విప్పి, కడిగి, కొత్త గ్రీజు పట్టించి, సీళ్లు మార్చు.

తర్వాత మోటారు అడుగున ఉండే గేరాయిల్. ఏడాదికి ఒకసారి, లేదా 100 గంటలు నడిస్తే అంతకంటే ముందే మార్చాలి. కింది మర తీసి గిన్నె పెట్టు, ఆ తర్వాత పై మర తియ్యి. వచ్చే నూనెను జాగ్రత్తగా చూడు. తెల్లగా, పాల రంగుకు తిరిగి ఉంటే లోపలికి నీళ్లు వెళుతున్నాయని అర్థం, సీళ్లు మార్పించాల్సిందే. కింది మర కొనకున్న అయస్కాంతానికి సన్నటి ఇనుప పొడి అంటుకుంటే కంగారు పడకు. పెచ్చులు కనిపిస్తే మాత్రం పడవ బయటికి తీయకు. కొత్త నూనెను ఎప్పుడూ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా నూనె కారే దాకా పంపు కొట్టి, ముందు పై మర బిగించు, ఆ తర్వాతే కిందిది. రెండింటికీ కొత్త వాషర్లు వెయ్యి. ఈ పని చలి ముదరక ముందే ముగించు. లోపల నీళ్లుంటే గడ్డకట్టి గేరు పెట్టెనే చీలుస్తాయి. టెక్సాస్‌లో మంచు ఎక్కడిది అనుకునేవాళ్లకు 2021 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తుండే ఉంటుంది. చలికాలమంతా మోటారును నిటారుగా దించి ఉంచితే అందులో మిగిలిన నీళ్లు వాటంతటవే కారిపోతాయి.

మోటారు నడుస్తుండగా వెనక సన్నటి ధారగా నీళ్లు చిమ్ముతుంటాయి, చూశావు కదా. ఆ ధార ఆగితే వెంటనే మోటారు ఆపెయ్యి. ముందు ఆ గొట్టంలో చెత్త అడ్డం పడిందేమో చూడు. కాకపోతే నీటి పంపులోని రబ్బరు రెక్కలు అరిగి ఉంటాయి. ఇంటి దగ్గర హోస్ పైపు తగిలించకుండా ఒక్క నిమిషం కూడా మోటారు తిప్పకు, ఆ రెక్కలు కాలిపోతాయి.

బ్యాటరీలను ఇంటికి రాగానే ఛార్జింగ్‌లో పెట్టు, పొద్దున పెడదాంలే అనుకోకు. ఖాళీగా పడి ఉండటమే వాటికి చేటు. పెట్రోలులో ఇథనాల్ తేమను లాక్కుంటుంది కాబట్టి పడవను నెల దాటి వాడకపోతే పెట్రోలు చెడకుండా ఉంచే స్టెబిలైజర్ మందు కలుపు. చిన్న మోటారు రెక్కను అప్పుడప్పుడు విప్పి చూడు. దాని వెనక చుట్టుకున్న గాలం దారం మెల్లగా సీలును కోసేస్తుంది.

రేవులో మర్యాద ఒకటుంది. సామాను సర్దడం, కట్లు విప్పడం, పడవ అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా బిగించడం అన్నీ పార్కింగ్ స్థలంలోనే కానివ్వు. వాలు మీద పడవ నిలిపి వెతుక్కుంటూ ఉంటే వెనకవాళ్లు తిట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ బిరడా తీసి నీళ్లన్నీ పారబోయాలి, చేపల తొట్టి కూడా ఖాళీ చెయ్యాలి. 2009లో లేక్ టెక్సోమాలో బయటపడ్డ జీబ్రా ఆల్చిప్పలు ఇలా పడవల్లో మిగిలిన నీళ్లతోనే ఇతర జలాశయాలకు పాకుతాయి. అందుకే టెక్సాస్‌లో ఇది చట్టం. నువ్వు పడవలోంచి పడిపోతే మోటారును ఆపే తాడు కూడా 2019 నుంచి చట్టమే, వేగంగా వెళుతున్నప్పుడు ఒంటికి తగిలించుకో. పిల్లలను తీసుకెళితే 13 ఏళ్ల లోపు వాళ్లు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. నిన్ను కూడా తొడుక్కోమంటాను. ఫోర్క్‌లో నీళ్ల అడుగున చెట్ల మొద్దులు బోలెడున్నాయి. గుర్తులు పెట్టిన దారి తప్పితే నెమ్మదిగా వెళ్లు.

ఇక చేప. లార్జ్‌మౌత్ బాస్ స్వభావం మన కొర్రమీను స్వభావమే. నీడలో, కలుపు అంచున, మొద్దు పక్కన పొంచి ఉండి దగ్గరికి వచ్చినదాన్ని మింగుతుంది. వసంతంలో నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటికి వస్తుంది, మగ చేప గూటికి కాపలా కాస్తుంది. వేసవిలో తెల్లవారుజామున ఒడ్డు దగ్గర, ఎండెక్కాక లోతులో వెతుకు.

ముందు ప్లాస్టిక్ వానపాము ఒక్కటి నేర్చుకో. దారానికి బుల్లెట్ ఆకారపు గుండు ఎక్కించి, మెడ వంగిన గాలం కట్టు. మొనను వానపాము తలలో పావు అంగుళం దించి పక్కకు తియ్యి. గాలాన్ని మెడ దాకా లాగి, తిప్పి, మొనను మళ్లీ ఒంట్లోకి గుచ్చి దాచు. అప్పుడు కలుపులో తగులుకోదు. వానపాము తిన్నగా ఉండాలి. మెలిక పడితే గిరగిరా తిరిగి దారానికి పురి పెడుతుంది. విసిరాక అడుగుకు దిగనివ్వు. రీలుతో లాగకు. కడ్డీ కొనను మెల్లగా ఎత్తి, దించి, మిగిలిన వదులు మాత్రమే చుట్టుకో. చేతికి టక్కుమని ఒకసారి తగులుతుంది, లేదా దారం పక్కకు నడుస్తుంది. వదులు చుట్టుకుని గట్టిగా గుంజు. మొన దాగి ఉంది కదా, మెత్తగా లాగితే దిగదు.

పట్టిన చేపను తడి చేత్తోనే ముట్టుకో. కింది పెదవి పట్టుకున్నప్పుడు రెండో చెయ్యి పొట్ట కిందకు పోనివ్వు. బరువైన చేపను దవడ మీద వేలాడదీస్తే దవడ దెబ్బతింటుంది. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ను వదిలెయ్యాల్సిందే. చాలా జలాశయాల్లో 14 అంగుళాలు దాటినదే ఉంచుకోవచ్చు. బయలుదేరే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నిబంధనలు ఒకసారి చూసుకో. 1992లో 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు చేప ఫోర్క్‌లోనే పడింది. ఎప్పుడో ఒకప్పుడు నీకూ పెద్దది తగులుతుంది, వదిలెయ్యడానికి చెయ్యి రాదు. వదిలెయ్యి. పులుసుకు క్యాట్‌ఫిషే నయం, మీ పెద్దమ్మ మాట కూడా అదే.

తా.క.: ట్రెయిలర్ టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో ఒక సంఖ్య ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం. నాలుగు టైర్లవీ చూసి నాకు పంపు. ఆరేళ్లు దాటితే పైకి ఎంత కొత్తగా కనిపించినా ఫోర్క్ ప్రయాణం పెట్టుకోకు, ముందు టైర్లు మార్చు.