చేపల దొంగల్ని వెంటాడే షిప్పుల్లో వాలంటీర్ల లైఫ్ ఎలా ఉంటుంది?

అడ్వెంచర్ అనుకుని వెళ్తే మొదటి వారానికే నీరసం వచ్చేస్తుంది, ఎందుకంటే రోజులో ఎక్కువ టైమ్ డెక్ కడగడం, తుప్పు గీకి పెయింట్ వేయడం, గిన్నెలు తోమడం, అర్ధరాత్రి లేచి వాచ్ డ్యూటీ చేయడం, వీటికే పోతుంది.

సముద్ర జీవుల్ని కాపాడే సంస్థ సీ షెపర్డ్ వాళ్ళ బాబ్ బార్కర్ షిప్పునే తీసుకోండి. 2014 డిసెంబర్‌లో అంటార్కిటికా వైపు సముద్రంలో థండర్ అనే షిప్పు దొంగతనంగా టూత్‌ఫిష్ (లోతు సముద్రంలో దొరికే ఖరీదైన చేప) పడుతూ వీళ్ళ కంటపడింది, అంతే, 110 రోజులు వదలకుండా వెంటపడ్డారు. ఫుడ్డేమో పూర్తిగా వీగన్, అంటే పాలు, పెరుగు, నెయ్యి కూడా ఉండవు (పెరుగన్నం లేకుండా నెలల తరబడి అంటే మనవాళ్ళకి అసలు పరీక్ష అదే).

నా ఉద్దేశంలో ఇంకా కష్టపడింది అదే సంస్థ రెండో షిప్పు సామ్ సైమన్ వాళ్ళు, దానికి అప్పటి కెప్టెన్ మన ఇండియన్ సిద్ధార్థ్ చక్రవర్తి. థండర్ వదిలేసి పారిపోయిన వలలు, దాదాపు 72 కిలోమీటర్ల పొడవు, ఆ చలిలో డెక్ మీదకి లాగారు, అందులో ఇరుక్కుని చచ్చిన చేపల్ని ఒక్కోటీ విడదీస్తూ, సాక్ష్యం కోసం అన్నీ రాసుకుంటూ. కంపు సంగతి చెప్పక్కర్లేదు.

చివరికి 2015 ఏప్రిల్ 6న ఆఫ్రికా పక్కన సావో టోమే దగ్గర థండర్ మునిగిపోయింది, సాక్ష్యాలు దొరక్కుండా వాళ్ళే ముంచేసుకున్నారని వీళ్ళ అనుమానం. అందులో ఉన్న 40 మందినీ కాపాడి షిప్పు ఎక్కించుకుంది మాత్రం ఇన్నాళ్ళూ తరిమిన వీళ్ళే.